ఎడమవైపు పోయిన బెండు

మా నాన్నకి గాలం వేయడమంటే ప్రాణం. పొలం పని లేని పూట మనిషి కనపడకపోతే మా అమ్మ ముందు చూరు కింద గాలం కర్ర ఉందో లేదో చూసేది. కర్ర లేదంటే ఇక వెతకడం మానేసి పులుసుకి చింతపండు నానబెట్టేది. చేపలు పడతాయా లేదా అన్నది తర్వాత సంగతి. పడకపోతే ఆ పులుసులో వంకాయలు పడేవి.

నా పుట్టిల్లు చందర్లపాడు. నన్నిచ్చింది నందిగామ, అంటే బస్సెక్కితే అమ్మ దగ్గరికి వెళ్ళిపోయేంత దూరం. మా ఊరి నుంచి గుడిమెట్ల పోతే కృష్ణ ఒడ్డు. వానలు పడగానే వజ్రాల కోసం జనం నేల చూపులు చూసుకుంటూ తిరుగుతారని పేపర్లో చదివే ఉంటారు, ఆ గుడిమెట్లే. వాళ్ళు నేలను చూస్తుంటే మా నాన్న నీళ్ళను చూస్తూ కూర్చునేవాడు. మా ఇంట్లో ఇప్పటిదాకా వజ్రమైతే లేదు.

చిన్నప్పుడు నాన్నకి అసిస్టెంటుని నేనే. తమ్ముడు నాకంటే ఆరేళ్ళు చిన్న, వాణ్ణి నీళ్ళ దగ్గరికి పంపేది కాదు అమ్మ. గిన్నెలు తోమే చోట తడిమట్టి తవ్వి కొబ్బరి చిప్పలో ఎర్రలు వేసుకుని, పైన కాస్త మట్టి కప్పి పట్టుకెళ్ళడం నా డ్యూటీ. బెండు మాత్రం నాన్న తనే చేసుకునేవాడు. జీలుగు బెండు, పెళ్ళిళ్ళలో బాసికాలకి వాడతారే, అదే. బ్లేడుతో వేలంత ముక్క కోసి, మధ్యలో దారం ఎక్కించి, అది జారిపోకుండా చీపురుపుల్ల ముక్క దోపేవాడు. పుల్ల తీస్తే బెండు దారం మీద పైకీ కిందకీ జరుగుతుంది. అంటే ఎర ఎంత లోతున వేలాడాలో అంత దగ్గర ఆపుకోవచ్చన్న మాట. జీలుగు దొరకని రోజుల్లో అరిగిపోయిన హవాయి చెప్పు ముక్కతోనూ పని నడిచేది.

కొత్త చోటికి వెళ్తే ముందు లోతు చూసేవాడు. కొక్కేనికి చిన్న రాయి కట్టి వదులుతాడు. బెండు రాయితో పాటు మునిగిపోతే నీళ్ళు ఇంకా లోతున్నట్టు. బెండుని పైకి జరిపి మళ్ళీ వేస్తాడు. అలా నాలుగైదు సార్లు వేశాక బెండు నీటి మీద సరిగ్గా తలెత్తుకుని నిలబడుతుంది. అప్పుడు రాయి విప్పేసి ఎర గుచ్చి, అడుగు మట్టికి బెత్తెడు పైన ఎర ఉండేట్టు సర్దేవాడు. ఈ తతంగం అంతా అయ్యేసరికి నాకు ఆకలేసేది.

ఆ తర్వాత ఇక బెండుని చూడటమే. మాట్లాడకూడదు. ఏ చేప ఎలా కొడుతుందో నాన్న ఎప్పుడూ పాఠంలా చెప్పలేదు, బెండు కదిలినప్పుడల్లా పక్కనుంచి గొణిగేవాడు. టకటకా వణికితే పరిగెలు, ఎరని కొరుకుతున్నాయి, లాగొద్దు. ఒక్క గుంజు గుంజి పక్కకి ఈడ్చుకుపోతే జెల్ల, లాగు, కానీ బయటికొచ్చాక ముల్లు జాగ్రత్త. మునగాల్సిన బెండు మునక్కుండా పైకి లేచి పక్కకి వాలిపోయిందనుకోండి, అడుగున మేసే చేప ఎరని నోట్లో పెట్టుకుని తల పైకెత్తిందని. సీసం గుండు బరువు ఆ చేప మోస్తోంది కాబట్టి బెండు తేలికై పడుకుంటుంది. నాకు అన్నిటికంటే ఆ వాలిపోయే బెండు ఇష్టం. తెలియనివాళ్ళు ఏమీ జరగలేదనుకుంటారు, తెలిసినవాళ్ళకి గుండె ఝల్లుమంటుంది. మరీ నెమ్మదిగా, పెద్దమనిషిలా నడుచుకుంటూ పోతే ఎండ్రకాయో తాబేలో.

ఎనిమిదో తరగతిలో నేను పెద్దమనిషినయ్యాను. ఆ తర్వాత చెరువు గట్టు మీద కనపడ్డానని మా నాయనమ్మ చేసిన గొడవకి నా అసిస్టెంటు ఉద్యోగం ఊడింది. ఆ కొబ్బరి చిప్ప తమ్ముడి చేతికి వెళ్ళింది. నాకు చాలా రోజులు కోపం ఉండేది, ఇప్పుడు తలుచుకుంటే కొంచెం ఇంకా ఉందనే అనిపిస్తోంది.

ఆ తమ్ముడు ఇప్పుడు కొలరాడోలో, డెన్వర్ దగ్గర ఉంటున్నాడు. అక్కడికెళ్ళినా గాలం వదల్లేదు. కాకపోతే అక్కడ దాని పేరు ఫ్లై ఫిషింగ్. నడుం లోతు చన్నీళ్ళలో రబ్బరు ప్యాంటు లాంటిది వేసుకుని నిలబడి, దారాన్ని గాల్లో కొరడాలా తిప్పే వీడియోలు పంపేవాడు. నాన్న ఫోను దగ్గరగా పెట్టుకుని చూసి, "వీడు చేపలు పడుతున్నాడా, దోమలు తోలుతున్నాడా?" అనేవాడు. పట్టిన చేపని మళ్ళీ నీళ్ళలో వదిలేయడం చూశాక రెండు రోజులు కొడుకుతో సరిగా మాట్లాడలేదు. కొన్ని చోట్ల వదిలేయాలని రూలే ఉంది నాన్నా అంటే, "మరి ఎందుకు పట్టడం? దాన్ని పలకరించడానికా?" అన్నాడు.

2025 సంక్రాంతికి వాడు వచ్చినప్పుడు ఆ సరంజామా తెచ్చాడు. నాలుగు ముక్కలుగా విడిపోయే కర్ర, మా పోపుల డబ్బా కంటే చిన్న డబ్బాలో వరుసగా గుచ్చిన పురుగులు. నిజం పురుగులు కాదు, సన్న కొక్కేలకి ఈకలు, దారాలు చుట్టి చేసినవి. వీటిని నింఫ్‌లంటారట. నీటి పురుగులు రెక్కలొచ్చి ఎగిరిపోక ముందు ఏటి అడుగున రాళ్ళ మధ్య పాకుతుంటాయి కదా, ఆ దశ పేరది. అక్కడి ట్రౌట్ చేపల మేత ఎక్కువ భాగం ఇలాంటి అడుగు పురుగులే కాబట్టి నింఫ్‌ని వాటి ముందుకి, వాటి లోతులో పంపించాలి. అందులో ఒకటి ఫెసెంట్ అనే పక్షి తోక ఈకని సన్న రాగి తీగతో చుట్టింది. ఇంగ్లండులో నదికి కాపలాదారుగా పనిచేసిన ఫ్రాంక్ సాయర్ అనే ఆయన కనిపెట్టాడట, 1958లో దీని మీద పుస్తకం కూడా రాశాడట. నాన్న ఆ పురుగుని గోటి మీద పెట్టుకుని చాలాసేపు చూశాడు. "పనితనం ఉంది" అన్నాడు. మా నాన్న నోట అది చాలా పెద్ద మాట.

తర్వాత తమ్ముడు ఇంకో చిన్న డబ్బా తీశాడు. అందులో నారింజ రంగు ఉన్ని కుచ్చులు, గోలీ అంత ప్లాస్టిక్ బుడగలు ఉన్నాయి. అడుగున నింఫ్‌ని చేప అందుకుంటే పైనున్న మనిషికి తెలియదు కదా, అందుకని దారానికి ఇది కడతారు, స్ట్రైక్ ఇండికేటర్ అంటారు అని చెప్పాడు.

నాన్న ఒక్క క్షణం ఆగి, "ఒరేయ్, ఇది బెండే కదరా!" అన్నాడు.

"బెండు కాదు నాన్నా, ఇండికేటర్."

"మునిగితే లాగుతారా?"

"లాగుతాం."

"మరి బెండే."

ఇంట్లో అందరం నవ్వాం. నిజానికి అక్కడి ఛాదస్తులు కూడా నాన్న పక్షమేనట. ఇండికేటర్ కడితే అది ఫ్లై ఫిషింగ్ కాదు, వట్టి బెండు గాలం అని తీసిపారేస్తారట. ఆమాటకొస్తే 1938లో లండన్ ఫ్లైఫిషర్స్ క్లబ్బులో అసలు నింఫ్ వాడటమే న్యాయమా కాదా అని పెద్ద చర్చ పెట్టుకున్నారట. మా నాయనమ్మ అక్కడుంటే ఇంకో అరగంట సాగదీసేది.

ముక్కనుమ నాడు పొద్దున్నే ఇద్దరూ గుడిమెట్ల బయల్దేరుతుంటే నేనూ వస్తానన్నాను. నలభై మూడేళ్ళ ఆడదాన్ని ఎవరూ ఆపలేదు. మా అమ్మే కొబ్బరి చిప్ప తెచ్చి చేతిలో పెట్టింది.

అంతకు ముందు సెప్టెంబరులో కృష్ణకి ఎంత వరద వచ్చిందో మీకు గుర్తుండే ఉంటుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ వరదకి ఒడ్డు కోసుకుపోయి నాన్నకి తెలిసిన చోట్లన్నీ మారిపోయాయి. మొదట ఒక మడుగు లాంటి చోట, నీళ్ళు నిలకడగా ఉన్న దగ్గర తన బెండు వేసి కూర్చున్నాడు. గంటలో రెండు జెల్లలు పట్టాడు. చెయ్యి, చూపు ఏమీ తగ్గలేదనే అనుకున్నాను.

తర్వాత తమ్ముడు నీళ్ళు పారే చోటికి తీసుకెళ్ళి తన కర్ర నాన్న చేతికిచ్చాడు. నింఫ్‌ని మన చేపలు పట్టించుకోవని గంట క్రితమే తేలిపోయింది కాబట్టి దాని బదులు మామూలు కొక్కేనికి ఎర్ర గుచ్చాడు. పైన నారింజ ఉన్ని కుచ్చు. పారే నీళ్ళలో ఇండికేటర్‌ని లోతుకి ఒకటిన్నర రెట్ల ఎత్తున కట్టాలట, దారం నిటారుగా దిగకుండా ఏటవాలుగా సాగుతుంది కాబట్టి. ఇంకో ముఖ్యమైన సంగతి, కుచ్చు నీటితో పాటే, నురగ బుడగల వేగంతోనే పోవాలి. దారం లాగి దాని వెనక చిన్న గీత పడిందా, కింద ఎర కూడా ఈడ్చుకుపోతుంది, చేపకి అనుమానం వచ్చేస్తుంది. అందుకని కుడివైపు, ఎగువకి విసరాలి, అది మన ముందు నుంచి ఎడమవైపు దిగువకి తేలుతూ పోతుంటే, ఎడం చేత్తో వదులు దారం సర్దుకుంటూ ఉండాలి. చెరువులో బెండు వేసిన చోటే ఉంటుంది. ఇక్కడ అది ప్రయాణం చేస్తుంది.

నాన్న రెండో సారికే బాగా విసిరాడు. కుచ్చు తేలుతూ మా ముందుకొచ్చింది. నాన్న చేతిలో దారం సర్దుకోవడానికి కిందకి చూసి, తలెత్తి, "ఏదిరా?" అన్నాడు.

"అదిగో నాన్నా, ఎడమవైపు."

"ఎక్కడ?"

తల తిప్పి, ఇంకా తిప్పి, అప్పుడు చూశాడు. మూడోసారి విసిరినప్పుడూ అంతే. నాలుగోసారి కుచ్చు సూటిగా మునిగింది. నేనూ తమ్ముడూ ఒకేసారి "లాగు!" అని అరిచాం. నాన్న నిక్కచ్చిగా ఎదురుగా, ఏమీ లేని నీళ్ళకేసి చూస్తున్నాడు.

ఎండ పొడ అన్నాడు. నీళ్ళ మీద తళతళకి కనపడట్లేదు అన్నాడు. తెల్ల బెండైతే అనుకోవచ్చు. అది నారింజ రంగు, నాకు యాభై అడుగుల అవతల కూడా నిప్పుకణికలా కనపడుతోంది.

తమ్ముడు కర్ర తీసి ఇసకలో పెట్టాడు. జేబులోంచి ఇంకో ఉన్ని కుచ్చు తీసి పట్టుకుని, "నాన్నా, కదలకుండా అక్క మొహం కేసే చూడు. ఇది కనపడగానే చెప్పు" అని నాన్న వెనక నుంచి కుడివైపు చేయి చాపి నెమ్మదిగా ముందుకి తెచ్చాడు. చెవి దాటి కొంచెం ముందుకు రాగానే "ఆ" అన్నాడు నాన్న. తర్వాత ఎడమవైపు. చెవి దాటింది. చెంప దాటింది. నేను నాన్న కళ్ళలోకే చూస్తున్నాను, ఆ కళ్ళు నావైపే ఉన్నాయి. కుచ్చు దాదాపు నా భుజం దగ్గరికి వచ్చాక "ఆ, ఇప్పుడు" అన్నాడు. మళ్ళీ చేశాడు. మళ్ళీ అక్కడే.

ముగ్గురం కాసేపు ఏమీ మాట్లాడలేదు. అవతల పల్నాడు ఒడ్డున ఎవరో గేదెల్ని కడుగుతున్నారు. "వయసైపోయింది కదరా" అని నాన్నే వెళ్ళి జెల్లల సంచి తీసుకున్నాడు.

ఇంటికి వస్తుంటే నాకు ఒక్కొక్కటీ గుర్తుకు రావడం మొదలైంది. దసరాకి మా ఇంటికొచ్చినప్పుడు ఎడమ పక్కనున్న పాల గిన్నె చెయ్యి తగిలి కింద పడేశాడు. ఒలికిన పాలు తుడుస్తూ "చూసుకోవద్దా నాన్నా" అని కసిరాను. తలుపు రెక్క భుజానికి కొట్టుకోవడం మా ఇంట్లో జోకు. టీవీఎస్ మీద వెళ్తూ మలుపులో ఎడమవైపు నుంచి వచ్చిన పిల్లాడి సైకిల్‌ని రాసుకుంటూ పోయినప్పుడు, "కళ్ళు నెత్తికెక్కాయా" అని అమ్మ తిట్టింది. ఇవన్నీ విడివిడిగా ఉన్నాయి మా దగ్గర. పేపరు అద్దాలు పెట్టుకుని హాయిగా చదువుతున్నాడు కదా, కళ్ళకేం అనుకున్నాం. బెండు చిన్నగా వాలితే కనిపెట్టగలిగే ఇంట్లో ఈ ఒక్కటీ ఎవరం చూడలేదు.

తమ్ముడు తిరుగు ప్రయాణం వారం వెనక్కి జరుపుకున్నాడు. విజయవాడ తీసుకెళ్ళాం. నీటికాసులు అన్నారు, గ్లకోమా. కంట్లో ఒత్తిడి మామూలుగా 21 దాటకూడదట, నాన్నకి ఎడమ కంట్లో 28, కుడి కంట్లో 24. ఆ ఒత్తిడికి కంటి నరం కొద్దికొద్దిగా దెబ్బతింటుంది. నొప్పి ఉండదు. పక్క చూపు ముందు పోతుంది, మధ్య చూపు చాలాకాలం నిలబడుతుంది. అందుకే పేపరు చదవగలిగేవాడు, అందుకే చెరువులో ఎదురుగా నిలబడ్డ బెండు కనపడేది. పోయిన చూపు మాత్రం తిరిగి రాదు. రోజూ చుక్కల మందు వేసుకుంటే ఉన్నది కాపాడుకోవచ్చు.

చూపు ఎంత మేర ఉందో చూసే పరీక్ష ఒకటి చేశారు. గిన్నె లాంటి మిషన్‌లో గడ్డం ఆనించి, మధ్య చుక్కనే చూస్తూ, చుట్టూ ఎక్కడ చిన్న వెలుగు మెరిసినా చేతిలో బటన్ నొక్కాలి. పావుగంట పైనే పట్టింది. బయటికొచ్చి, "అచ్చం బెండు చూసినట్టే ఉందమ్మాయ్. నాకు కొన్ని కాట్లే తెలిశాయి, చాలా పోయినట్టున్నాయి" అన్నాడు. కాగితం మీద ఎడమ కంటి బొమ్మలో సగం పైన నల్లగా ఉంది.

డాక్టర్ని నాన్న అడిగింది ఒక్కటే ప్రశ్న, బండి నడపొచ్చా అని. వద్దన్నారు. ఆ టీవీఎస్ ఇప్పుడు వేప చెట్టు కింద గోనెపట్టా కప్పుకుని ఉంది. అమ్మేద్దామంటే ఒప్పుకోడు. తాళం చొక్కా జేబులోనే తిరుగుతోంది.

ఈ జబ్బు ఇంట్లో ఒకరికుంటే రక్తసంబంధీకులకి వచ్చే అవకాశం ఎక్కువని, నలభై దాటినవాళ్ళు చూపించుకోవాల్సిందేనని చెప్పారు. నేను అక్కడే చూపించుకున్నాను, ప్రస్తుతానికి ఏమీ లేదు, ఏడాదికోసారి రమ్మన్నారు. తమ్ముడికి నలభై రాలేదు కానీ డెన్వర్ వెళ్ళాక చూపించుకుంటే అంచు మీద ఉందన్నారట. ఆరు నెలలకోసారి వెళ్తున్నాడు. ముక్కనుమ నాడు వాడు ఆ కుచ్చు కట్టకపోతే అన్న మాట మేమిద్దరం ఇప్పటిదాకా బయటికి అనుకోలేదు. మీ ఇళ్ళలో కూడా నాన్నలో మామయ్యలో తలుపులకి భుజాలు కొట్టుకుంటుంటే దయచేసి జోకులు వేయకండి, ఒకసారి తీసుకెళ్ళండి.

చుక్కల మందు రాత్రి తొమ్మిదింటికి. వేసుకున్నాక కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూల వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టాలి, మందు గొంతులోకి జారిపోకుండా. మా అమ్మ ఆ సీసా మెడకి నారింజ ఉన్ని కుచ్చు కట్టింది, అలమరలో వెతుక్కోకుండా. తొమ్మిదీ అయిదుకి నేను ఫోన్ చేస్తాను. "వేసుకున్నావా?" "వేసుకున్నా." అంతే మాట్లాడుకునేది. కొన్ని రోజులు విసుక్కునేవాడు, ఇప్పుడు నేను ఆలస్యం చేస్తే తనే మిస్డ్ కాల్ ఇస్తున్నాడు.

చెరువుకి మానలేదు. కాకపోతే ఇప్పుడు దారాన్ని చూపుడు వేలి మీదుగా తెచ్చుకుని పట్టుకుంటున్నాడు. బెండు ఉంటుంది, కానీ నమ్మకం వేలి మీద. తమ్ముడు వీడియో కాల్‌లో అది చూసి, అక్కడ కూడా ఇండికేటర్ లేకుండా దారం బిగువుతోనే కాటు పసిగట్టే పద్ధతి ఉంది నాన్నా, చెక్ దేశం వాళ్ళది అని గొప్పగా చెప్పాడు. "మా నాన్న చీకట్లో వేసేవాడు, ఏ దేశం వాళ్ళు నేర్పారు?" అన్నాడు.

నదికి మాత్రం వెళ్ళలేదు. అడగాలంటే నాకూ భయమే. మొన్న శనివారం రాత్రి "వేసుకున్నా" అన్న తర్వాత ఫోన్ పెట్టేయలేదు.

"రేపు ఆదివారం కదా, మీ ఆయనకి సెలవేనా?"

"సెలవే నాన్నా."

"అయితే కారేసుకుని రండి, గుడిమెట్ల పోదాం. ఎర్రలు నేను తవ్విస్తాలే. నువ్వు నాకు ఎడమ పక్కన కూర్చుందువు గాని."